జబ్బుల భారం లెక్క ఎందుకు? తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రపంచంలో ఏ జబ్బు ఎంత నష్టం చేస్తోందో కొలిచే పని ముప్పై ఏళ్లకు పైగా సాగుతోంది. ఆ కొలతకూ మన పీహెచ్‌సీ బీరువాలో ఉండే మందులకూ సంబంధం ఉంది. ఊళ్లలో మీటింగులు పెట్టినప్పుడు, నర్సింగ్ విద్యార్థులతో మాట్లాడినప్పుడు, ఆశా కార్యకర్తలతో కూర్చున్నప్పుడు ఎక్కువగా వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

వ్యాధి భారం అంటే ఏంటి? ఎంతమంది చనిపోయారో లెక్కపెడితే చాలదా?

చాలదు. చావుల లెక్క కావాల్సిందే గానీ, అందులో రెండు విషయాలు కనపడవు. మొదటిది వయసు. ఎనభై రెండేళ్ల అవ్వ నిద్రలో పోయినా, పెళ్లయి ఏడాది తిరగని అబ్బాయి పాము కరిచి పోయినా రిజిస్టర్‌లో పడేది ఒక్కో వరుసే. రెండోది, ప్రాణం తీయకుండా ఏళ్ల తరబడి పీడించే జబ్బులు. నడుము నొప్పి, రక్తహీనత, డిప్రెషన్, చూపు తగ్గడం, పక్షవాతం వచ్చి మంచాన పడటం. మరణాల పట్టికలో వీటి జాడ చాలా తక్కువ. కానీ మనిషి పనికి పోలేడు, చూసుకోవడానికి ఇంట్లో ఇంకొకరు పని మానుకోవాలి.

వ్యాధి భారం లెక్కలో ఈ రెండూ కలుస్తాయి. ఒక జబ్బు వల్ల బతకాల్సిన ఏళ్లు ఎన్ని పోయాయి, బతికున్న ఏళ్లలో ఆరోగ్యం ఎంత పోయింది అని విడివిడిగా చూసి కూడతారు. అలా వచ్చేదాన్ని డాలీ అంటారు. ఒక డాలీ అంటే ఆరోగ్యంగా గడవాల్సిన ఏడాది ఒకటి పోయినట్టు.

ఆ డాలీ లెక్క ఎలా వేస్తారు? లెక్కల మాస్టారికే కాకుండా మాకూ అర్థమయ్యేట్టు చెప్పండి.

పాలమనేరు పక్కన ఒక ఊరు అనుకుందాం. పాతికేళ్ల కుర్రాడు శెనక్కాయల చేలో కలుపు తీస్తుంటే రక్తపింజర కరిచి చనిపోయాడు. మంచి ఆరోగ్యంతో ఉంటే మనిషి ఎన్నేళ్లు బతకగలడో చెప్పే పట్టిక ఒకటి ఉంది. జపాన్ మనిషికైనా చిత్తూరు మనిషికైనా అదే పట్టిక వాడతారు. దాని ప్రకారం ఈ కుర్రాడు పోగొట్టుకున్నది సుమారు 60 ఏళ్లు. అదే నెలలో ఆ ఊళ్లోనే 80 ఏళ్ల తాత గుండెపోటుతో పోయాడు. ఆయన విషయంలో పోయినవి సుమారు పదేళ్లు. రెండూ దుఃఖమే. అయితే ఊరికి జరిగిన నష్టం కొలిచేటప్పుడు మొదటిది ఆరింతలు.

ఇప్పుడు బతికున్నవాళ్ల సంగతి. ప్రతి ఇబ్బందికీ 0 నుంచి 1 మధ్యలో ఒక అంకె ఇస్తారు. 0 అంటే పూర్తి ఆరోగ్యం, 1 అంటే చావుతో సమానం. మధ్యస్థ రక్తహీనతకు ఇచ్చిన అంకె 0.052. చూడటానికి చాలా చిన్నది. కానీ ఆ ఊళ్లో ఇరవై మంది ఆడవాళ్లు ఏడాదంతా అలాంటి రక్తహీనతతోనే నాట్లు వేసి, కట్టెలు మోసి, పిల్లల్ని కని, ఆయాసపడుతూ గడిపితే 0.052 ఇంటూ 20, అంటే ఒక ఏడాదికి కాస్త పైనే ఆరోగ్యం పోయింది. ఎవరూ చనిపోలేదు, ఎవరూ ఆస్పత్రిలో చేరలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. తేలికపాటిది, మధ్యస్థం, తీవ్రం అన్నీ కలిపి ఈ అంకె. ఊరూరా ఇలా పోయే ఏళ్లను కూడితే ఎంతవుతుందో ఊహించుకోండి. ఐరన్ మాత్రల పంపిణీని చిన్న పనిగా చూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇది ఎవరు మొదలుపెట్టారు?

క్రిస్టఫర్ మర్రే, అలన్ లోపెజ్ అనే ఇద్దరు, 1990ల మొదట్లో. ప్రపంచ బ్యాంకు 1993లో ఆరోగ్యం మీద ఇచ్చిన అభివృద్ధి నివేదికకు ఈ లెక్కే ఆధారం. అప్పట్లో ఒక చిక్కు ఉండేది. ఒక్కో జబ్బు మీద పనిచేసే సంస్థ తమ జబ్బుతో ఇంతమంది పిల్లలు పోతున్నారని చెప్పేది. ఆ అంకెలన్నీ కూడితే, ఆ ఏడాది చనిపోయిన మొత్తం పిల్లల సంఖ్యను మించిపోయేది. విరేచనాలతో, న్యుమోనియాతో, పోషకాహార లోపంతో బాధపడి చనిపోయిన ఒకే బిడ్డను ముగ్గురు లెక్క రాసుకునేవాళ్లు. అందుకే ఒక చావును ఒకే కారణం కింద రాయాలి, అన్నీ కలిపితే మొత్తం చావులకు సరిపోవాలి అనే నియమం పెట్టారు. ఆరోగ్య రంగానికి ఈ నియమం చేసిన మేలు తక్కువది కాదు.

మొదటి లెక్కలో 107 జబ్బులూ గాయాలూ ఉండేవి. 2021 సంవత్సరానికి వేసిన లెక్కలో 204 దేశాల్లో 371 ఉన్నాయి. 2007 నుంచి అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐహెచ్‌ఎంఈ (IHME) అనే సంస్థ దీన్ని నడుపుతోంది. వేల మంది శాస్త్రవేత్తలు అందులో పాలుపంచుకుంటారు, మనవాళ్లు కూడా.

రుయాలో, స్విమ్స్‌లో రికార్డులు ఉంటాయి కదా. అవి తీసుకుంటే సరిపోదా?

ఆస్పత్రి రికార్డు ఆస్పత్రి దాకా వచ్చినవాళ్ల సంగతే చెప్తుంది. మన దగ్గర ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. తిరుపతి రుయాకు, స్విమ్స్‌కు కడప నుంచి, అనంతపురం నుంచి, నెల్లూరు నుంచి కూడా రోగులు వస్తారు. చిత్తూరు పక్కవాళ్లు పెద్ద జబ్బయితే వేలూరు సీఎంసీకి పోతారు. కుప్పం వాళ్లకు బెంగళూరు దగ్గర. పైగా తిరుమలకు రోజూ వేలమంది యాత్రికులు వస్తారు, వాళ్లలో కొండ మీద గుండెపోటు వచ్చేవాళ్లూ ఉంటారు.

చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. గంగాధర నెల్లూరు మనిషి వేలూరులో చనిపోతే ఆ నమోదు తమిళనాడులో. మహారాష్ట్ర యాత్రికుడు తిరుపతిలో చనిపోతే ఆ నమోదు ఇక్కడ. ఈ అంకెలు చూసి తిరుపతిలో గుండెజబ్బులు ఎక్కువనీ గంగాధర నెల్లూరులో క్యాన్సర్ లేదనీ అనుకుంటే పొరపాటే. భారం లెక్కలో మనిషి ఎక్కడ చనిపోయాడన్నది కాకుండా ఎక్కడ నివసించాడన్నది చూడాలి.

మరి ఇంట్లో చనిపోయినవాళ్ల కారణం ఎలా తెలుస్తుంది?

ఇంటికి వెళ్లి అడుగుతారు. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం దేశమంతటా కొన్ని ప్రాంతాలను ఎంపిక చేసి, అక్కడ జరిగే జననాలూ మరణాలూ ఏళ్ల తరబడి గమనిస్తుంది. మరణం జరిగిన ఇంటికి శిక్షణ పొందిన మనిషి వెళ్లి చివరి రోజుల గురించి విచారిస్తాడు. జ్వరం ఎన్ని రోజులుంది? ఆయాసం పడుకున్నప్పుడు ఎక్కువయ్యేదా? కాళ్లు వాచాయా? మింగడం కష్టమయ్యేదా? ఇంటివాళ్లు తమ మాటల్లో చెప్పింది కూడా రాసుకుంటాడు. ఆ కాగితాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం రాస్తారు. ఇద్దరికీ కుదరకపోతే మూడో సీనియర్ డాక్టర్ తేలుస్తాడు. దీన్ని మౌఖిక శవపరీక్ష అంటారు.

దీనికి బలహీనత ఉంది. రోడ్డు ప్రమాదం, పాముకాటు, కాన్పులో చావు లాంటివి ఇంటివాళ్లు ఖచ్చితంగా చెప్తారు. జ్వరంతో పోయినవాళ్లది మలేరియానా, టైఫాయిడా, ఇంకోటా అన్నది మాటల్లో తేలదు. 2010లో ఇదే పద్ధతితో మన దేశంలో మలేరియా చావులు ఏడాదికి 2 లక్షల పైమాటే అని అంచనా వచ్చింది. అప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 15 వేలు. దాని మీద పెద్ద వాదనే జరిగింది.

పాముకాటు గురించి మీరు ఎక్కువ చెప్తారెందుకు? గుండెజబ్బులతో పోలిస్తే అదెంత?

ఎందుకంటే లెక్క వేయడం వల్ల ఏం మారుతుందో దీనిలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా నాకు కనిపించలేదు. పైగా ఇది మన కథ.

ఇరవై ఏళ్ల కిందట ప్రభుత్వ ఆస్పత్రుల లెక్కలు చూసినవాళ్లు పాముకాటును చిన్న సమస్య అనుకునేవాళ్లు. ఇప్పుడు చెప్పిన మౌఖిక శవపరీక్ష పద్ధతిలో 2001-03 మధ్య దేశంలోని 6,671 ప్రాంతాల్లో జరిగిన సుమారు లక్షా 23 వేల మరణాలను పరిశీలించారు. వాటిలో 562 పాముకాటు మరణాలు తేలాయి. శాతంలో అర కూడా లేదు. దాన్ని దేశం మొత్తానికి విస్తరించి చూస్తే 2005 ఏడాదికి సుమారు 45,900 చావులు. ఆస్పత్రుల లెక్కకు ఇది 30 రెట్లకు పైగా ఎక్కువ. ఈ అధ్యయనం 2011లో అచ్చయింది. జనాభాతో పోల్చి చూస్తే రాష్ట్రాలన్నింటిలో మొదటి స్థానం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, లక్షకు 6.2 మంది. సంఖ్యలో ఉత్తరప్రదేశ్ తర్వాత మనదే, ఏడాదికి 5,200.

ఎందుకు కనపడలేదో కూడా ఆ అధ్యయనమే చెప్పింది. చనిపోయినవాళ్లలో నూటికి 97 మంది పల్లెల్లోవాళ్లు. ఆస్పత్రిలో చనిపోయినవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. మిగతావాళ్లు ఇంట్లోనో, దారిలోనో, మంత్రం వేయించుకునే చోటో పోయారు. ఎక్కువ చావులు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య, 15 నుంచి 29 ఏళ్ల వయసులో. మన దగ్గర శెనక్కాయ విత్తేదీ, కలుపు తీసేదీ ఆ నెలల్లోనే. చేలో వంగి పనిచేసేది ఆ వయసువాళ్లే.

ఆ లెక్క వచ్చాక వరుసగా జరిగినవి చూడండి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. 2019లో, 2030 నాటికి పాముకాటు చావులనూ వైకల్యాలనూ సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టింది. 2020లో అదే బృందం చేసిన ఇంకో అధ్యయనం 2000 నుంచి 2019 వరకు దేశంలో 12 లక్షల మంది పాముకాటుతో పోయారని చెప్పింది. 2024లో మన కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, ప్రతి పాముకాటునూ తప్పనిసరిగా రిపోర్టు చేసే ఏర్పాటు చేయమని ఆ ఏడాదే రాష్ట్రాలకు రాసింది. పాములూ అవే, విషమూ అదే, మందు ఎప్పటి నుంచో ఉంది. మారింది మన దగ్గరున్న అంకె.

ఇంకా చేయాల్సింది చాలా ఉంది. పాము విషానికి విరుగుడైన యాంటీవెనమ్ ఎక్కడ నిల్వ ఉండాలో ఈ లెక్కే చెప్తోంది. జిల్లా ఆస్పత్రి ఫ్రిజ్‌లో ఉంటే చాలదు, చేనుకు దగ్గర్లోని పీహెచ్‌సీలో ఉండాలి, దాన్ని ఎక్కించడానికి భయపడని డాక్టర్ కూడా ఉండాలి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, పసరు కోసం ఆగొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

మా నాయనకు ఇరవై ఏళ్లుగా షుగర్. కాలి పుండు ముదిరి చనిపోయాడు. సర్టిఫికెట్‌లో మాత్రం గుండె ఆగి చనిపోయినట్టు రాశారు. ఎలా రాస్తే ఏం, మనిషి ఎలాగూ పోయాడు కదా?

మీ బాధ అర్థమవుతుంది. కానీ ఆ ఒక్క లైన్ చాలా ముఖ్యం. చివరికి అందరి గుండే ఆగుతుంది. అది కారణం కిందికి రాదు. ఆస్పత్రిలో నింపే 4వ నంబరు ఫారంలో కారణాలను వరుసగా రాయడానికి చోటుంది. మీ నాయన విషయంలో అది ఇలా ఉండాలి: పైన, రక్తానికి ఇన్ఫెక్షన్ పాకడం. దాని కింద, అందుకు కారణమైన కాలి గ్యాంగ్రీన్. అన్నిటికన్నా కింద, వీటన్నిటికీ మూలమైన షుగర్. లెక్కలోకి వెళ్లేది ఆ అట్టడుగు లైన్. అది ఖాళీగా ఉంటే షుగర్ ఖాతాలో పడాల్సిన చావు ఎటూ కాకుండా పోతుంది, నిపుణులు తర్వాత దాన్ని అంచనాతో ఏదో ఒక జబ్బు కింద సర్దాలి.

2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ ధ్రువీకరించిన కారణం ఉన్నవి నూటికి 22 లేదా 23 మాత్రమే. ఆ కొద్దిలో కూడా ఇలాంటివి కలిస్తే ఏం మిగులుతుంది? షుగర్ రోగుల పాదాలను ఏడాదికోసారైనా పరీక్షించే ఏర్పాటు ప్రతి పీహెచ్‌సీలో కావాలని అడగడానికి మన చేతిలో ఆధారం ఉండాలి. మీ నాయన కాగితం ఆ ఆధారంలో ఒక భాగం.

ఇలా లెక్క వేసి, దాని ప్రకారం ఖర్చు పెట్టి బాగుపడిన చోటు ఎక్కడైనా ఉందా?

ఉంది. టాంజానియాలో మొరొగోరో, రుఫిజి అని రెండు పల్లె జిల్లాలు. 1990ల చివర్లో ఆ దేశ ఆరోగ్య శాఖ, కెనడా సంస్థ ఒకటి కలిసి అక్కడ ఒక ప్రయత్నం చేశాయి. ఇంటింటికీ తిరిగి, మరణాల కారణాలు అడిగి, ఏ జబ్బు వల్ల ఎన్నేళ్లు పోతున్నాయో లెక్క కట్టారు. తర్వాత జిల్లా ఆరోగ్య బడ్జెట్ తీసి పక్కన పెట్టుకుని చూశారు. మొరొగోరోలో పోతున్న ఏళ్లలో 30 శాతం మలేరియా వల్లే. బడ్జెట్లో మలేరియాకు ఇస్తున్నది 5 శాతం. ఎవరి తప్పూ లేదు, ఏళ్లుగా పోయినేడు ఇచ్చినట్టే ఈ ఏడూ ఇస్తూ వచ్చారంతే.

అక్కడి అధికారులు డబ్బును మళ్లించారు. మందు పట్టించిన దోమతెరలు, జబ్బు చేసిన పిల్లాడికి జ్వరం, దగ్గు, విరేచనాలు అన్నీ ఒకేసారి చూసి వైద్యం చేయడంలో సిబ్బందికి శిక్షణ, మందుల కొనుగోలు. బయటి నుంచి అదనంగా వచ్చింది తలకు ఏడాదికి ఒక డాలరులోపే. ఐదేళ్లలో ఆ జిల్లాల్లో పిల్లల మరణాలు 40 శాతానికి పైగా తగ్గాయి. మొత్తం తగ్గుదల ఈ లెక్క వల్లే అని చెప్పలేం, వేరే మార్పులూ ఉండి ఉంటాయి. అయినా జిల్లా స్థాయి అధికారులే తమ లెక్క తాము చూసుకుని బడ్జెట్ మార్చుకోగలరని తేలింది. మన జిల్లా వైద్య ఆరోగ్య అధికారుల (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుల్లో ఇలాంటి పట్టిక ఒకటి గోడకు ఉండాలని నా కోరిక.

మన దేశం సంగతేంటి?

భారత వైద్య పరిశోధన మండలి మిగతా సంస్థలతో కలిసి 2017 నవంబర్‌లో రాష్ట్రాలవారీ నివేదిక ఇచ్చింది. 1990లో దేశం మొత్తం వ్యాధి భారంలో అంటువ్యాధులు, కాన్పు సమస్యలు, పసిపిల్లల జబ్బులు, పోషకాహార లోపం కలిపి 61 శాతం. 2016కి అది 33 శాతానికి దిగింది. గుండెజబ్బు, షుగర్, క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బుల లాంటివి 30 శాతం నుంచి 55 శాతానికి ఎక్కాయి. గాయాలు 9 నుంచి 12కు పెరిగాయి. భారంలో మొదటి పేరు గుండెజబ్బుది. ముప్పు కారణాల్లో మాత్రం 2016లో కూడా మొదటి స్థానం పిల్లల, తల్లుల పోషకాహార లోపానిదే. అంటే పాత కష్టం తీరకముందే కొత్తది వచ్చి పడింది.

ఈ మలుపు అన్ని రాష్ట్రాల్లో ఒకేసారి రాలేదు. అంటువ్యాధుల వర్గాన్ని గుండెజబ్బు, షుగర్ వర్గం దాటిన ఏడాది ఒక రాష్ట్రంలో 1986 అయితే ఇంకో రాష్ట్రంలో 2010. అలాంటప్పుడు ఢిల్లీలో ఒకే పథకం రాసి అందరికీ పంపితే ఎలా? ఆంధ్రప్రదేశ్ ఈ మార్పులో బాగా ముందుకు వెళ్లిన రాష్ట్రాల్లో ఒకటి, మనకూ గుండెజబ్బే పెద్దది.

జిల్లా లెక్క దొరుకుతుందా?

అన్ని జబ్బులకూ దొరకదు. పిల్లల మరణాలూ ఎదుగుదల లోపాలూ 2020లో దేశంలోని జిల్లాలన్నింటికీ వచ్చాయి. మిగతావాటికి రాష్ట్ర స్థాయే.

ఇది పెద్ద లోటు. ఉద్దానం కిడ్నీ జబ్బును చూడండి. శ్రీకాకుళం జిల్లాలో కొన్ని మండలాలను కుంగదీసిన ఆ జబ్బు రాష్ట్ర సగటులో కలిసిపోతే కనపడదు. జిల్లాల విభజన ఇంకో చిక్కు తెచ్చింది. 2011 జనగణనలో ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వచ్చింది, అందులో నెల్లూరు జిల్లా మండలాలు కొన్ని కూడా కలిశాయి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. లక్షకు ఎంతమంది అని చెప్పాలంటే ముందు లక్షలు ఎన్నో తెలియాలి కదా. కొత్త జనగణనకు ఎన్యూమరేటర్ ఇంటికి వచ్చినప్పుడు సరిగా చెప్పడం కూడా ఆరోగ్యానికి చేసే సాయమే.

గుండెజబ్బే పెద్దదని తేలింది కాబట్టి ఇంకా పెద్ద గుండె ఆస్పత్రులు కట్టాలి, అంతేనా?

ఆస్పత్రులు కావాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక అప్పుల పాలు కాకుండా గుండె ఆపరేషన్ చేయించుకున్న కుటుంబాలు మన ఊళ్లలో చాలా ఉన్నాయి, ఆ మేలు మరవలేం. అయితే భారం లెక్కను ఇంకొంచెం కిందికి చదవాలి. ఆ లెక్క జబ్బుతో ఆగదు, వెనకున్న ముప్పును కూడా చెప్తుంది: బీపీ, పొగాకు, ఉప్పు, గాలి కాలుష్యం, షుగర్. స్టెంట్ వేయడం ఒక మనిషిని కాపాడుతుంది, అప్పటికే కొంత నష్టం జరిగిపోయాక. బీపీ మాత్ర చాలా చౌక. నెల నెలా ఆగకుండా దొరికితే, పక్షవాతమూ గుండెపోటూ రాకుండానే ఆపగలిగేది అదే. పీహెచ్‌సీలో ఈ నెల మాత్రలు అయిపోయాయి, వచ్చే నెల రండి అన్న మాట వినపడకూడదు. నన్నడిగితే, ఆరోగ్య బడ్జెట్లో ముందు పక్కా చేయాల్సింది ఈ మాత్రల సరఫరా.

భారం ఎక్కువున్న జబ్బుకే డబ్బంతా ఇవ్వాలా?

వద్దు. పోలియో భారం ఇప్పుడు దాదాపు సున్నా. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. చుక్కలు వేస్తున్నాం కాబట్టే ఆ సున్నా. భారం ఎంత అన్నదానితో పాటు, దాన్ని ఎంత ఖర్చుతో ఎంత తగ్గించగలం, పేదవాళ్లకు ఎంత అందుతుంది అన్నవి కూడా చూడాలి.

మానసిక సమస్యలకు కూడా ఈ లెక్కలో చోటుందా?

ఉంది. ఈ పద్ధతి లోకానికి చూపించిన మొదటి ఆశ్చర్యమే అది. 1990 సంవత్సరానికి వేసిన తొలి లెక్కలో డిప్రెషన్ ప్రపంచంలో నాలుగో స్థానంలో వచ్చింది. అప్పటిదాకా చావుల పట్టికలు మాత్రమే చూసిన ఆరోగ్య శాఖలకు మానసిక వైద్యం అదనపు ఖర్చులాగే కనిపించేది.

2016 లెక్క ప్రకారం ప్రపంచంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్లలో 36.6 శాతం మన దేశంవాళ్లు. ఈ అంకె చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. పల్లెల్లో పురుగుల మందు ఇంట్లో అందుబాటులో ఉండటం ఒక పెద్ద కారణం. మీకో మీవాళ్లకో మనసు బాగా లేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

కళ్లు కనపడనివాళ్లకు, వికలాంగులకు ఏదో ఒక అంకె ఇస్తున్నారంటే వాళ్ల బతుకు విలువ తగ్గించినట్టు కాదా?

ఈ ప్రశ్న అడగాల్సిందే. వికలాంగుల సంఘాలు మొదటి నుంచీ అడుగుతున్నాయి. లెక్క వేసేవాళ్ల జవాబు ఏంటంటే, ఆ అంకె కొలిచేది ఆరోగ్యంలో జరిగిన నష్టాన్ని, మనిషి విలువను కాదు. మొదట్లో ఆ అంకెలను నిపుణులే కూర్చుని వేసేవాళ్లు. 2010 లెక్క నుంచి బంగ్లాదేశ్, ఇండోనేసియా, పెరూ, టాంజానియా, అమెరికాల్లో మామూలు జనాన్ని అడిగి తేల్చారు. అలా అడిగాక పూర్తి అంధత్వానికి అంకె బాగా తగ్గింది, ఇప్పుడు 0.187. చాలామంది కంటి డాక్టర్లు దీన్ని ఒప్పుకోలేదు.

నా మాట కూడా అదే. చూపు పోయిన మనిషికి చుట్టూ ఉన్న ఊరు ఎలాంటిదన్నది ఆ అంకెలో లేదు. ఊరిని బట్టి అదే అంధత్వం ఎంత బాధ పెడుతుందన్నది మారిపోతుంది. మొదటి లెక్కల్లో ఇంకో తేడా కూడా ఉండేది, పనిచేసే వయసు ఏడాదికి పసిపిల్లల, ముసలివాళ్ల ఏడాది కన్నా ఎక్కువ విలువ ఇచ్చేవాళ్లు. విమర్శలు వచ్చి 2010 లెక్కలో దాన్ని తీసేశారు. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే లెక్క బాగుపడింది.

ఇంతకీ ఈ అంకెల్ని నమ్మొచ్చా?

అంచనాలుగా నమ్మొచ్చు. ప్రతి అంకె పక్కన ఇంత నుంచి ఇంత వరకు అని ఒక హద్దు ఇస్తారు. పేపర్లలో వార్త వచ్చేటప్పుడు ఆ హద్దును వదిలేస్తారు, దాంతో అంచనా కాస్తా ఖచ్చితమైన లెక్కలా కనిపిస్తుంది. వివరాలు తక్కువున్న చోట పొరుగు ప్రాంతాల వివరాలతో గణితం వేసి నింపుతారు. ఆ చోట హద్దు వెడల్పుగా ఉంటుంది.

గొడవలూ జరుగుతాయి. 2020, 2021 రెండేళ్లలో కోవిడ్ కాలంలో భారత్‌లో అదనంగా 47 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా ఇచ్చింది. ప్రభుత్వ లెక్కలో ఆ రెండేళ్ల కోవిడ్ మరణాలు 5 లక్షల లోపే. లెక్కగట్టిన పద్ధతే సరైనది కాదని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ప్రతి మరణమూ, దాని కారణమూ సకాలంలో నమోదయ్యే దేశంలో ఇంత తేడాకు చోటే ఉండదు. బయటివాళ్ల అంచనా నచ్చకపోతే మన నమోదు గట్టిపడాలి, ఇంకో దారి నాకు కనపడటం లేదు.

మా వంతుగా ఏం చేయొచ్చు?

ఇంట్లో మరణం జరిగితే 21 రోజుల్లోపు నమోదు చేయించండి. పల్లెలో అయితే సచివాలయంలో, పట్టణంలో అయితే మున్సిపల్ ఆఫీసులో. ఆస్తి లేని ముసలివాళ్లవి, రోజుల పసికందులవి వదిలేస్తుంటారు. అవి కూడా చేయించండి, పసికందులవి మరీ ముఖ్యం. ఆస్పత్రిలో చనిపోతే కారణం రాసిన సర్టిఫికెట్ కాపీ అడగండి. 2023లో సవరించిన చట్టం ప్రకారం దాన్ని దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఇంట్లో చనిపోయినా, అంతకుముందు వైద్యం చేసిన డాక్టర్ 4ఏ ఫారం మీద కారణం రాసివ్వవచ్చు. షుగర్, బీపీ, టీబీ, పాముకాటు, కాన్పు లాంటి అసలు సంగతి డాక్టర్‌కు మీరే గుర్తుచేయండి. సర్వేకు వచ్చినవాళ్లు చావు గురించి అడిగితే కసురుకోకండి. ఆత్మహత్య అయితే చెప్పడానికి నామోషీ అనిపిస్తుంది, పోలీసుల భయం కూడా ఉంటుంది. వాళ్లు పేర్లు బయటపెట్టరు.

ఆంధ్రప్రదేశ్ అంకెలు నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, ఉచితమే. సియాటిల్ సంస్థ ఐహెచ్‌ఎంఈ వెబ్‌సైట్‌లో భారత రాష్ట్రాల పేజీ తెరిచి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంటే వయసువారీగా, ఆడా మగా విడిగా, ఏ జబ్బు ఏ స్థానంలో ఉందో బొమ్మల్లో కనిపిస్తుంది. ముందు 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ల పట్టిక తెరవండి. తర్వాత మగవాళ్లది పక్కన పెట్టి చూడండి.